చిరునామా లేని వాళ్లకి క్షయ వస్తే?

హౌరా స్టేషన్లో ఎవరినైనా కలుసుకోవాలంటే ఇక్కడి వాళ్లు ఒకే గుర్తు చెబుతారు, "బడా ఘడీ దగ్గర నిలబడు" అని. పాత భవనంలో ఉన్న ఆ పెద్ద గడియారం కింద ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు ఎవరికోసమో ఎదురుచూస్తూ ఉంటారు. కిందటి చలికాలంలో అమ్మమ్మ ఖరగ్‌పూర్ నుంచి వస్తోందంటే అమ్మా నేనూ కూడా అక్కడే నిలబడ్డాం. అమ్మమ్మ రాగానే ముగ్గురం బస్సుల వైపు వెళ్లే సబ్‌వేలోకి దిగాం. మెట్ల పక్కన గోనెపట్టా పరుచుకుని ఒకాయన కూర్చుని ఉన్నాడు. పక్కన బరువులు మోసేవాళ్లు తలమీద పెట్టుకునే చుట్టకుదురు ఉంది. ఆగకుండా దగ్గుతున్నాడు. నేను వెంటనే చున్నీతో ముక్కు మూసుకుని, అమ్మమ్మ చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను.

ఇంటికి వచ్చాక అమ్మమ్మ అడిగింది, "ఎందుకే అలా లాగావు?" అని.

"టీబీ అయుంటుంది అమ్మమ్మా. అంటుకుంటుంది."

అమ్మమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది: "మీ మామయ్యకి వచ్చింది కూడా అదే. ఆర్నెల్లు వాడి ఎదురుగా కూర్చుని మందులు మింగించాను. నాకేమైంది?"

మామయ్యకి క్షయ వచ్చిన సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు మామయ్య రోజూ డ్యూటీకి వెళ్తారు, ఆదివారం క్రికెట్ ఆడతారు. చూస్తే ఎవరూ నమ్మరు.

సబ్‌వేలో కనిపించిన ఆయనకి ఉన్నది క్షయే అని చెప్పడానికి నాకేమీ ఆధారం లేదు. పరీక్ష చేస్తే తప్ప డాక్టరు కూడా చెప్పలేరు. అది మామూలు దగ్గే కావచ్చు. కానీ ఆ రోజు నుంచి నన్ను రెండు ప్రశ్నలు వదల్లేదు. మొదటిది, నేను భయపడింది సరైన విషయానికేనా? రెండోది, మామయ్యకి నయం చేసిన మందులు ప్రభుత్వం అందరికీ ఉచితంగానే ఇస్తుంది కదా, అలాంటప్పుడు ఇల్లు లేని మనిషికి ఆ జబ్బు వస్తే నయం కావడానికి అడ్డేమిటి? చదివి, అడిగి తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను.

క్షయ ఎలా వస్తుంది, ఎలా రాదు

క్షయ పాపం వల్ల వచ్చేది కాదు, వంశం వల్ల వచ్చేది అంతకంటే కాదు. ఒక బాక్టీరియా వల్ల వస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో ఆ సంగతిని ప్రకటించారు. అందుకే ఏటా మార్చి 24ని ప్రపంచ క్షయ దినంగా పాటిస్తున్నాం. ఆ బాక్టీరియా పేరు మైకోబాక్టీరియమ్ ట్యూబర్‌క్యులోసిస్.

ఊపిరితిత్తుల్లో క్షయ ఉన్న మనిషి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు కంటికి కనపడనంత చిన్న తుంపరలు గాలిలోకి వస్తాయి. ఆ తుంపరల్లో బాక్టీరియా ఉంటుంది. గాలి ఆడని చీకటి గదిలో అది గంటల తరబడి బతికి ఉండగలదు. ఎండ తగిలే చోట త్వరగా చచ్చిపోతుంది, గాలి బాగా ఆడే చోట చెదిరిపోతుంది. కాబట్టి మూసిన గదిలో, రోజుల తరబడి, రోగికి దగ్గరగా ఉండేవాళ్లకే ప్రమాదం ఎక్కువ. దారిలో ఒక మనిషిని దాటి వెళ్లినంత మాత్రాన క్షయ వచ్చే అవకాశం చాలా తక్కువ. రోగితో కరచాలనం చేస్తే రాదు, ఒకే కంచంలో తింటే రాదు, వాళ్ల బట్టలు ముట్టుకుంటే రాదు.

ఇంకో విషయం విని నేను ఆశ్చర్యపోయాను. ప్రపంచ జనాభాలో సుమారు నాలుగో వంతు మంది ఒంట్లో ఈ బాక్టీరియా ఎప్పుడో ఒకప్పుడు చేరిందని అంచనా. కానీ వాళ్లందరూ రోగులు కారు. మన ఒంట్లో ఉన్న రక్షణ శక్తి దాన్ని చుట్టుముట్టి, నిద్రపుచ్చినట్టు ఒక మూల కూర్చోబెడుతుంది. అలాంటి వాళ్లలో నూటికి 5 నుంచి 10 మందికే జీవితకాలంలో ఎప్పుడైనా జబ్బు బయటపడుతుంది. ఎవరికి బయటపడుతుంది? తిండి చాలని వాళ్లకి, మధుమేహం ఉన్నవాళ్లకి, హెచ్.ఐ.వి. ఉన్నవాళ్లకి, పొగ, మద్యం అలవాటున్న వాళ్లకి, వయసు మీద పడిన వాళ్లకి. అంటే ఒంట్లో కాపలా బలహీనపడిన వాళ్లకి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో ప్రపంచంలో సుమారు 1 కోటి 8 లక్షల మందికి క్షయ వచ్చింది. సుమారు 12 లక్షల 50 వేల మంది చనిపోయారు. రోగుల్లో నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువే మన దేశం వాళ్లు. నయం చేసే మందు ఉన్న జబ్బుతో ఇంతమంది చనిపోతున్నారంటే, లోపం మందులో లేదు. మందుకీ మనిషికీ మధ్య ఉన్న దారిలో ఉంది.

మద్రాసు నేర్పిన పాఠం

ఒకప్పుడు క్షయ వస్తే శానటోరియంకి పంపేవారు. ఊరికి దూరంగా, మంచి గాలి వచ్చే చోట కట్టిన ఆసుపత్రి అది. మన తెలుగు నేల మీద మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో ఉన్నది అలాంటిదే. దేశంలో ఎక్కడెక్కడి నుంచో రోగులు అక్కడికి వచ్చేవారు. నెలలు, ఒక్కోసారి ఏళ్లు, మంచం మీద ఉండేవారు. అయితే దేశంలో లక్షల మంది రోగులుంటే మంచాలు వేలల్లోనే ఉండేవి. మంచం దొరకని వాళ్ల సంగతేమిటి?

ఈ ప్రశ్నకి జవాబు వెతకడానికి 1956లో మద్రాసులో ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. మన వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి దాన్ని నడిపాయి. నగరంలోని పేదవాడల నుంచి వచ్చిన రోగుల్లో కొందరిని శానటోరియంలో పెట్టారు, కొందరికి ఇంటి దగ్గరే మందులిచ్చారు. శానటోరియంలో ఉన్నవాళ్లకి మంచి తిండి, విశ్రాంతి, గాలి ఆడే గదులు. ఇంటి దగ్గర ఉన్నవాళ్లకి ఇరుకు గది, చాలీ చాలని తిండి. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపుల్లోనూ నయమైన వాళ్ల సంఖ్య దాదాపు సమానంగా ఉంది. ఇంటి దగ్గర రోగి ఉన్నందువల్ల ఆ ఇంట్లో వాళ్లకి జబ్బు ఎక్కువగా రాలేదని కూడా తేలింది. 1959లో ఈ ఫలితాలు వెలువడ్డాక ప్రపంచమంతా శానటోరియంల మీద ఆధారపడడం తగ్గించి, ఇంటి దగ్గర వైద్యం వైపు మళ్లింది. ప్రపంచ వైద్యానికి మన దేశం ఇచ్చిన గొప్ప కానుకల్లో ఇదొకటి.

అమ్మమ్మ మామయ్యని ఇంట్లోనే ఉంచుకుని బాగు చేసుకోగలిగిందంటే దాని వెనక ఉన్నది ఆ మద్రాసు పరిశోధనే. అమ్మమ్మకి అది తెలియకపోవచ్చు. ఆమె చేసిన పని మాత్రం ఇదీ: వంటింటి గోడకి తగిలించిన తెలుగు క్యాలెండరులో మందు మింగిన ప్రతి రోజుకీ పెన్సిలుతో టిక్కు పెట్టేది. ఒక రోజు టిక్కు లేకపోతే మామయ్యకి మజ్జిగ కూడా దొరికేది కాదట!

అయితే ఆ పరిశోధన గురించి చదువుతున్నప్పుడు ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఇంటి దగ్గర వైద్యం అంటే మందులు ఇచ్చి పంపేయడం కాదు. ఆరోగ్య కార్యకర్తలు రోగుల ఇళ్లకి చెప్పకుండా వెళ్లి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవారు. రాకపోతే వెతుక్కుంటూ వెళ్లేవారు. దీనంతటికీ ఒకటి కావాలి: తట్టడానికి ఒక తలుపు. ఇంటి దగ్గర వైద్యం అన్న మాటలో ఇల్లు ఉందన్న నమ్మకం ముందే కలిసి ఉంది. ఇల్లే లేని మనిషికి ఏ తలుపు తట్టాలి?

ఫిబ్రవరి 28 రాత్రి

2011 జనాభా లెక్కల కోసం ఇళ్లున్న వాళ్లని పగలు లెక్కపెట్టారు. ఇళ్లు లేని వాళ్లని మాత్రం ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టారు. ఎందుకంటే పగలు వాళ్లు పనిలో, గుంపులో కలిసిపోయి ఉంటారు. రాత్రి నిద్రపోయే చోటే వాళ్లు దొరుకుతారు. పేవ్‌మెంట్ల మీద, ఫ్లైఓవర్ల కింద, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, గుడి మంటపాల్లో, పెద్ద సిమెంటు గొట్టాల్లో పడుకున్న వాళ్లని వెతికి లెక్క రాసుకున్నారు. దేశం మొత్తం మీద 17 లక్షల 73 వేల మంది తేలారు. నది అవతల ఉన్న కోల్‌కతా నగరంలోనే సుమారు 70 వేల మంది.

హౌరాలో వీళ్లు స్టేషన్ చుట్టుపక్కల కనిపించడానికి కారణం ఉంది. 1854 ఆగస్టు 15న హౌరా నుంచి హుగ్లీకి మొదటి రైలు నడిచింది. అప్పటి నుంచి పని కోసం ఊరు వదిలిన వాళ్లకి హౌరాయే మొదట దిగే చోటు. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, మన ఉత్తరాంధ్ర, అన్ని వైపుల నుంచీ వస్తారు. స్టేషన్ దగ్గర బరువులు మోసే పని ఉంటుంది, ఠేలా తోసే పని ఉంటుంది, ప్లాస్టిక్ సీసాలు ఏరి అమ్ముకోవచ్చు. పని దొరికే చోటే నిద్ర. గది అద్దెకి తీసుకుంటే ఇంటికి పంపడానికి డబ్బు మిగలదు. వీళ్లలో చాలామందికి ఎక్కడో ఒక ఊళ్లో ఇల్లు ఉండే ఉంటుంది. జబ్బు చేసిన రోజున ఆ ఇల్లు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

డొమినిక్ లాపియెర్ అనే ఫ్రెంచి రచయిత 1985లో 'సిటీ ఆఫ్ జాయ్' అనే నవల రాశారు. దానికి ఆధారం హౌరాలోని పిల్ఖానా బస్తీ. అందులో కరువు వల్ల పల్లె వదిలి కుటుంబంతో వచ్చి, మొదట పేవ్‌మెంటు మీద బతికి, తర్వాత రిక్షా లాగే ఒకాయనకి క్షయ వస్తుంది. అది కథే అయినా అందులోని దారి నిజమైనదే: ఊరు, రైలు, పేవ్‌మెంటు, బరువు పని, తిండి తగ్గడం, దగ్గు.

ఇల్లు లేకపోతే ఏమేమి లేనట్టు?

మామయ్య ఆర్నెల్లు తీసుకున్న వైద్యాన్నీ, అదే జబ్బు సబ్‌వేలో పడుకునే మనిషికి వస్తే జరిగేదాన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది, జబ్బు గుర్తించడం. మామయ్య రెండు వారాలు దగ్గితే అమ్మమ్మ ఊరుకోలేదు, రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్లింది. సాయంత్రం వచ్చే జ్వరం, రాత్రి చెమట, తగ్గుతున్న బరువు, ఇవన్నీ ఆమె కంట్లో పడ్డాయి. ఒంటరిగా పడుకునే మనిషి రాత్రి చెమటలు ఎవరు చూస్తారు? దుమ్ములో పడుకునే వాళ్లకి, బీడీ తాగే వాళ్లకి దగ్గు ఎప్పుడూ ఉండేదే అనిపిస్తుంది. పైగా ఆసుపత్రి వరసలో ఒక పూట నిలబడితే ఆ పూట కూలి పోతుంది. కూలి పోతే అన్నం పోతుంది. కాబట్టి రక్తం పడేదాకా వెళ్లరు.

రెండోది, మందులు దాచుకోవడం. క్షయకి మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు, అన్నీ కలిపిన మాత్రలుగా బరువును బట్టి రోజూ ఇస్తారు. మామయ్య మందులు దేవుడి గూట్లో ఉండేవి. ఆకాశం కింద పడుకునే వాళ్లకి వాన వస్తే మాత్రలు తడుస్తాయి. నిద్రలో సంచీ పోవచ్చు. పోలీసులో, శుభ్రం చేసేవాళ్లో ఖాళీ చేయించినప్పుడు గోనెపట్టాతో పాటు మాత్రలూ పోవచ్చు.

మూడోది, మందుతో వచ్చే ఇబ్బందులు. ఈ మాత్రలు మొదట్లో కొందరికి వికారం, వాంతి తెప్పిస్తాయి. వాటిలో రిఫాంపిసిన్ అనే మందు వల్ల మూత్రం నారింజ, ఎరుపు రంగులో వస్తుంది. అది రక్తం కాదు, భయపడాల్సింది కాదు. మామయ్య హడలిపోయి కేక పెడితే నర్సు ముందే చెప్పిన మాట అమ్మమ్మ గుర్తు చేసిందట. పక్కన చెప్పేవాళ్లు లేకపోతే మనిషి ఆ రోజే మందు మానేస్తాడు.

నాలుగోది, అన్నిటికంటే మోసం చేసేది: కాస్త బాగుపడడం. నెల, రెండు నెలలు మందు వాడేసరికి దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది. "నయమైపోయింది" అనిపిస్తుంది. కానీ లోపల మొండి బాక్టీరియా ఇంకా మిగిలే ఉంటుంది. అప్పుడు మందు ఆపేస్తే మిగిలినవి మళ్లీ పెరుగుతాయి. మందుకి లొంగనివి మిగిలిపోతే పాత మాత్రలు ఇక పని చెయ్యవు. అదే మందులకి లొంగని క్షయ. దానికి వేరే మందులు, ఎక్కువ కష్టం. బరువు మోస్తే తప్ప పూట గడవని మనిషి, ఒంట్లో బలం వచ్చిన రోజున మందు కేంద్రానికి వెళ్తాడా, పనికి వెళ్తాడా?

ఐదోది, రాత్రి ఆశ్రయం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. బయట పడుకుంటే చలి, వాన, దోమలు. ఆశ్రయ కేంద్రంలో పడుకుంటే పైకప్పు ఉంటుంది. కానీ ఒకే గదిలో చాలామంది, కిటికీలు మూసి పడుకుంటే, ఒక్క రోగి వల్ల చాలామందికి సోకవచ్చు. అందుకే ఆశ్రయంలో చేరేవాళ్లని దగ్గు గురించి అడగడం, పరీక్ష చేయించడం, కిటికీలు తెరిచి ఉంచడం ముఖ్యం. మందు సరిగ్గా మొదలుపెడితే ఎక్కువమంది రోగులు సుమారు రెండు వారాల్లోనే ఇతరులకి అంటించని స్థితికి వస్తారు. అంటే రోగిని తరిమేయడం వల్ల కాదు, త్వరగా మందు మొదలుపెట్టడం వల్లనే మిగిలిన వాళ్లకి రక్షణ.

అన్నం కూడా మందే

మన దేశంలో క్షయని పెంచే కారణాల్లో పెద్దది తిండి చాలకపోవడం. మద్రాసులో మంచి తిండి లేకపోయినా మందు పని చేసిందని చదివాం కదా, మరి ఇదేమిటి అనుకోవచ్చు. రెండూ నిజమే. మందు బాక్టీరియాని చంపుతుంది. తిండి మనిషిని నిలబెడుతుంది, పక్కవాళ్లకి జబ్బు రాకుండా కాపలా కాస్తుంది.

దీన్ని చూపించిన పరిశోధన కోల్‌కతాకి పొరుగునే ఉన్న ఝార్ఖండ్‌లో జరిగింది. నాలుగు జిల్లాల్లో 2,800 మంది రోగులకి, వాళ్ల ఇళ్లలో ఉన్న పది వేల మందికి పైగా మనుషులకి సంబంధించిన పరిశోధన అది. రోగులందరికీ ఆహారం ఇచ్చారు. ఇంట్లో వాళ్లలో ఒక గుంపుకి కూడా నెలనెలా బియ్యం, పప్పు వంటివి ఇచ్చారు. 2023లో ఫలితాలు వచ్చాయి. ఆహారం అందిన ఇళ్లలో వాళ్లకి క్షయ రావడం సుమారు 40 శాతం తగ్గింది. ఊపిరితిత్తుల క్షయ దాదాపు సగానికి తగ్గింది. బియ్యం, పప్పు! మన వంటింట్లో డబ్బాల్లో ఉండేవే.

ప్రభుత్వం ఈ సంగతి గుర్తించి 2018 నుంచి నిక్షయ్ పోషణ్ యోజన కింద వైద్యం జరుగుతున్నన్నాళ్లూ ప్రతి రోగికీ నెలకి 500 రూపాయలు ఇస్తోంది. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 రూపాయలు చేశారు. ఆ డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. మామయ్యకి అది మంచి పద్ధతే. బ్యాంకు ఖాతా లేని మనిషికి? ఖాతా తెరవాలంటే గుర్తింపు కాగితం కావాలి. కాగితం మీద చిరునామా కావాలి. తిరిగి తిరిగి మళ్లీ అక్కడికే వచ్చాం.

మన టి.సి., వాళ్ల నంబరు

ఈ పత్రిక చదివే మనందరికీ బదిలీ అంటే తెలుసు. నేను ఇప్పటికి నాలుగు బడులు మారాను. సామాన్లు లారీలో వెళ్తాయి, స్నేహితులు వెనకే ఉండిపోతారు, కానీ ఒకటి మాత్రం మనతో వస్తుంది: టి.సి. ఆ కాగితం చూపిస్తే కొత్త బడిలో నన్ను మళ్లీ ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టమనరు. ఆపిన చోటు నుంచే చదువు సాగుతుంది.

ఇల్లు లేని కూలీలకి కూడా బదిలీలు ఉంటాయి. ఎవరూ ఆర్డరు ఇవ్వరు, అంతే తేడా. పంట కోతలకి ఊరు వెళ్తారు, పండగకి వెళ్తారు, హౌరాలో పని తగ్గితే ఇంకో ఊరు పోతారు. ఆర్నెల్ల వైద్యం మధ్యలో ఇలా వెళ్లిపోతే పాత రోజుల్లో చిట్టీ పుస్తకంలో "రోగి కనపడలేదు" అని రాసుకోవడమే మిగిలేది.

ఇప్పుడు దీనికి ఒక దారి ఉంది. క్షయ రోగుల వివరాలు నిక్షయ్ అనే దేశవ్యాప్త కంప్యూటరు వ్యవస్థలో నమోదు చేస్తారు. ప్రతి రోగికీ ఒక నంబరు వస్తుంది. హౌరాలో మందు మొదలుపెట్టిన మనిషి శ్రీకాకుళం వెళ్తే, ఇక్కడి కేంద్రం ఆ రికార్డుని అక్కడికి బదిలీ చెయ్యగలదు. అక్కడ మిగిలిన నెలల మందు అందుతుంది. అది రోగికి టి.సి. లాంటిదే. కాకపోతే, తను వెళ్లబోతున్నానని రోగి ముందుగా కేంద్రంలో చెప్పాలి, ఆ నంబరు తన దగ్గర ఉంచుకోవాలి. ఆ సంగతి అతనికి అర్థమయ్యే భాషలో ఎవరో చెప్పాలి.

ఇంకా కొన్ని ప్రయత్నాలు జరుగుతున్నాయి. నగరాల్లో ఇళ్లు లేని వాళ్లకోసం జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ ఒక ప్రమాణం పెట్టింది: ప్రతి లక్ష జనాభాకి కనీసం 100 మంది ఉండగలిగే శాశ్వత ఆశ్రయం ఉండాలని. ఆశ్రయంలో మంచంతో పాటు ఒక చిరునామా కూడా దొరుకుతుంది. తట్టడానికి తలుపు దొరుకుతుంది. అలాగే 2022 సెప్టెంబరులో నిక్షయ్ మిత్ర అనే పద్ధతి మొదలైంది. ఎవరైనా ఒక రోగికి నెలనెలా ఆహారం అందించే బాధ్యత తీసుకోవచ్చు. 2024 డిసెంబరు 7న మొదలైన 100 రోజుల కార్యక్రమంలో దగ్గు లేకపోయినా ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్లని వెతికి, ఎక్కడికక్కడ ఎక్స్‌రే తీసే యంత్రాలతో పరీక్షించారు. రోగి ఆసుపత్రికి వచ్చేదాకా ఆగకుండా ఆసుపత్రే రోగి దగ్గరికి వెళ్లడం అన్నమాట. ఇల్లు లేని వాళ్లకి పనికొచ్చే పద్ధతి ఇదే.

మనం ఏం చెయ్యగలం?

మనం పిల్లలం. ఆసుపత్రులు కట్టలేం. కానీ చెయ్యగలిగినవి ఉన్నాయి.

రెండు వారాలకి మించిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, కళ్లెలో రక్తం. ఈ ఐదూ గుర్తుంచుకోండి. ఇంట్లో వాళ్లకైనా, మన క్వార్టర్లలో పని చేసేవాళ్లకైనా, వాచ్‌మన్‌ తాతకైనా ఇవి కనిపిస్తే ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేయించుకోమని చెప్పండి. పరీక్ష ఉచితం, మందు ఉచితం. సందేహాలుంటే 1800-11-6666 నంబరుకి ఫోను చెయ్యవచ్చు. అది ప్రభుత్వం క్షయ కోసం నడిపే ఉచిత నంబరు. స్టేషన్లో ఒంటరిగా తిరిగే చిన్న పిల్లలు కనిపిస్తే మనంతట మనం తీసుకెళ్లకూడదు, పెద్దవాళ్లకి చెప్పి 1098కి ఫోను చేయించాలి.

మనకి ఇంకో శక్తి ఉంది, దాన్ని మనం పెద్దగా పట్టించుకోం. ఊళ్లు తిరగడం వల్ల మనకి మూడు నాలుగు భాషలు వస్తాయి. బెంగాలీ రాని తెలుగు కూలీకి ఆసుపత్రి చీటీ మీద ఏం రాశారో చదివి చెప్పడం మనకి రెండు నిమిషాల పని. పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడు ఆ రెండు నిమిషాలు ఇవ్వగలం. ఆర్నెల్లు మందు ఆపకూడదన్న ఒక్క మాట అర్థమయ్యేలా చెప్పినా చాలు.

చివరిది, మన ఇళ్లలో దాచిపెట్టడం మానేద్దాం. మామయ్య సంగతి నాకు ఎందుకు చెప్పలేదని అమ్మని అడిగితే, "సంబంధాలు చెడిపోతాయని" అంది. తిండి, వైద్యం, మనుషులు అందరూ ఉన్న మా ఇంట్లోనే ఇంత సిగ్గు ఉంటే, ఏమీ లేని మనిషి "నాకు క్షయ" అని ఎవరితో చెప్పుకుంటాడు? ఈ వ్యాసం రాస్తానంటే మామయ్యనే ముందు అడిగాను. "రాయి, నా పేరు వేసినా ఫరవాలేదు" అన్నారు. పేరు వెయ్యలేదు గానీ ఆయన ఒప్పుకున్నందుకు ధైర్యంగా రాస్తున్నాను.

మొన్న సంక్రాంతి సెలవులకి అమ్మమ్మని ఖరగ్‌పూర్ లోకల్ ఎక్కించడానికి మళ్లీ హౌరా స్టేషన్‌కి వెళ్లాం. సబ్‌వే మెట్ల దగ్గర ఆ గోనెపట్టా లేదు, ఆ మనిషీ లేడు. అక్కడ వేరే ఎవరో పడుకుని ఉన్నారు. ఆయన బాగుపడి పనిలోకి వెళ్లాడో, ఊరు వెళ్లాడో, ఏమయ్యాడో తెలుసుకునే దారి మాకు లేదు. ఆయన పేరు కూడా మాకు తెలియదు. అమ్మమ్మ ఒక్క క్షణం ఆగి ఆ చోటు వైపు చూసింది. ఈసారి నేను ఆమె చెయ్యి పట్టుకుని లాగలేదు.